నా జీతం, మీ చీటీ

"నేను చేరను బాబాయ్."

పోయిన ఆదివారం నేనన్నది ఈ ఒక్క ముక్కే. దానికి ఢిల్లీ ద్వారకలో మా సొసైటీలోని తెలుగువాళ్ళు వారం పొడుగునా లిఫ్టులో నన్ను చూడగానే ఫోన్లలో తల దూర్చేశారు. నేనేదో హత్య చేసినట్టు!

సంగతి తెలియకుండా ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు మాటల్లో చెప్పేస్తాను. నా పేరు భానుశ్రీ, ఊరు తెనాలి. గురుగ్రామ్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది. ఉంటున్నది మా పిన్ని లక్ష్మీకుమారి ఇంట్లో. ఆమె భర్త సదాశివరావు బాబాయి ఇక్కడి తెలుగు కుటుంబాలని కూడగట్టి చీటీలు నడుపుతాడు. ఇరవై చీటీలు, ఒక్కోదానికి నెలకి పదివేలు. అవసరమున్నవాళ్ళు ఆ నెల పాట పాడతారు. అందరికంటే ఎక్కువ వదులుకుంటానన్నవాళ్ళకి అది పోను మిగతా సొమ్ము, వాళ్ళు వదులుకున్నది తక్కినవాళ్ళకి పంపకం. ఒక చీటీని ఒక్కసారే ఎత్తాలి. ఎత్తాక కూడా చివరిదాకా కట్టాల్సిందే.

వచ్చే నెల మొదలయ్యే కొత్త చీటీలో, నన్నొక్క మాట అడక్కుండా, బాబాయి నా పేరు చదివేశాడు. జీతంలో పదివేలు అటు పోతే ఆఫీసు దగ్గర నేను చూసుకున్న గదికి అడ్వాన్సూ కట్టలేను, అద్దే ఇవ్వలేను. చీటీ అయిపోయేదాకా ఆ ఇంట్లో, ఆయన కళ్ళముందే ఉండాలి. అందుకే చేరనన్నాను. నా పొదుపు నేను ఫోన్లో చేసుకుంటున్నానని కూడా అన్నాను. అక్కడే చిక్కొచ్చింది.

"ఫోన్లోనా! అయితే వచ్చే ఆదివారం పాటకి అందరూ వస్తారు. అందరి ముందూ చూపించు. ఒక్క రూపాయి లాభం కనపడితే నీ దారి నీది. లేకపోతే నోరు మూసుకుని చేరు" అన్నాడు బాబాయి.

"నాది నేను చూపిస్తా. మీది మీరూ చూపించాలి" అన్నాను.

"దాందేముంది, ఓ" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

ఆ ఆదివారం రానే వచ్చింది. పది కాకముందే హాలు నిండిపోయింది. మే నెల ఎండ. ఏసీ ఎంత కిందికి దించినా సోఫాలో ఇరుక్కుని కూర్చున్న మగవాళ్ళు కర్చీఫులతో మెడలు తుడుచుకుంటున్నారు. ఆడవాళ్ళు వంటింట్లో పెసరట్లు పోస్తున్నారు. ఈ చీటీ పద్ధతే అంత. సగం చీటీలు ఆడవాళ్ళ పేర్ల మీదే ఉంటాయి. పాట రోజు మాత్రం పేర్లు హాల్లో ఉంటాయి, మనుషులు వంటింట్లో ఉంటారు. నేనొక్కదాన్నే హాలు మధ్యలో ముద్దాయిలా నిలబడ్డాను.

బాబాయి కొడుకు కిరీటి నా ఫోన్ లాక్కుని టీవీకి కలిపాడు. వీడు లక్ష్మీ నగర్‌లో సీఏ కోచింగ్‌కి పోతున్నాడు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేది మాత్రం హిందీయే. ఇంకా ఒక్క పరీక్షా పాసవలేదు కానీ, ఎదుటివాళ్ళ లెక్కలు చూడమంటే ప్రాణం లేచొస్తుంది.

"ఏంటమ్మా ఇది, ఎట్టా పనిచేస్తుంది?" అన్నారు గోపీకృష్ణ గారు. ఆయన కింది ఫ్లోర్‌లో ఉంటారు, బాబాయికి కుడిభుజం. పాట రోజు మొదటి పెసరట్టు ఆయనకే.

"నేను టీకి పన్నెండు రూపాయలు ఫోన్లో కట్టాననుకోండి అంకుల్. యాప్ దాన్ని ఇరవై అనుకుంటుంది. పైన ఎనిమిది రూపాయలూ తీసుకెళ్ళి మ్యూచువల్ ఫండ్‌లో వేస్తుంది. దానంతటదే. నేను గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు."

"ఎనిమిది రూపాయలా!" అని ఆయన సోఫా అదిరేలా నవ్వారు. "రావుగారూ, ఎనిమిది రూపాయలతో మీ అమ్మాయి ద్వారక మొత్తం కొనేస్తుందండోయ్!"

అందరూ నవ్వారు. ఇంతలో టీవీ మీద నా ఖర్చుల చిట్టా పరుచుకుంది. గోల్‌గప్పా, మెట్రో, ఆటో, మోమోలు, గోల్‌గప్పా, టీ, మళ్ళీ గోల్‌గప్పా.

"ఇన్ని గోల్‌గప్పాలా! ఆ పానీపూరీ నీళ్ళు ఎక్కడివో ఏంటో, కడుపేం గాను!" అంది వంటింటి గుమ్మంలోంచి నాగమల్లేశ్వరి ఆంటీ. ఈవిడ గోపీకృష్ణ గారి భార్య.

నేను నోట్లో పెట్టుకున్నదంతా ఇంతమంది వరసపెట్టి చదువుతుంటే సిగ్గేసింది, కాదనను. ఆ సిగ్గు కాస్తా రెండు నిమిషాల్లో కోపమై కూర్చుంది. తిన్నాను. నా డబ్బులతో తిన్నాను. అయితే ఏంటంట?

"కిందికి రా కిరీటీ. మొత్తం చూపించు" అన్నాను.

వచ్చింది. ఇన్ని నెలల్లో నేను వేసింది మూడువేల ఎనిమిది వందల యాభై. ఇవాళ్టి విలువ నాలుగువేల పది. పక్కన ఆకుపచ్చ రంగులో నూట అరవై, దాని పక్కన పైకి చూసే బాణం గుర్తు.

"ఒక్క రూపాయన్నారు బాబాయ్. నూట అరవై ఉన్నాయి. చూసుకోండి" అన్నాను. నా గొంతు నాకే గర్వంగా వినపడింది. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఎన్నిసార్లు చూసినా ఆ ఆకుపచ్చ ఎర్రగా మారలేదు.

"దీదీ, ఏక్ మినిట్" అన్నాడు కిరీటి. వాడు గోళ్ళు కొరుకుతున్నాడంటే ఏదో కీడు తలపెట్టాడన్నమాటే. "యాప్ నహీ. బ్యాంక్ వాలా ఖోలో నా."

"బ్యాంకు ఎందుకు?"

"ఖోలో తో సహీ."

తెరిచాను. ఎందుకు తెరవను, నేనేమైనా దొంగతనం చేశానా? వాడు టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించాడు. "యే దేఖో. హర్ మహీనే పైంతీస్. యాప్ కీ ఫీస్ హై. ఫండ్ మే సే నహీ కట్‌తీ, సీధా అకౌంట్ సే. ఇసీ లియే ఉధర్ సబ్ గ్రీన్ దిఖ్ రహా హై."

నెలకి ముప్పై అయిదు రూపాయల ఫీజు. అది యాప్‌లో ఎక్కడా కనపడదు. నా బ్యాంకు ఖాతాలోంచి విడిగా, చడీచప్పుడూ లేకుండా పోతోంది. మొత్తం కలిపితే మూడు వందల ఎనభై అయిదు! లాభం నూట అరవై. అంటే ఆ చిల్లరంతా ఏ పోపుల డబ్బాలోనో దాచుకుని ఉంటే నాకు రెండు వందల పైన మిగిలేది. ఆటోవాడితో పది రూపాయల కోసం పావుగంట వాదించే నేను, ఈ యాప్ వాడికి నెలనెలా అప్పనంగా సమర్పించుకున్నాను. ముప్పై అయిదే కదా అనిపిస్తుంది. నేను వేసేదే నెలకి మూడు వందల యాభై. అందులో అది పదో వంతు. లక్షలు వేసేవాళ్ళకి ఆ ఫీజు దోమకాటు. నాలాంటి కొత్తవాళ్ళకి మాత్రం నెత్తురు తాగే జలగ. పైగా ఆ యాప్ ప్రకటనలన్నీ నాలాంటి కొత్తవాళ్ళ కోసమే!

గోపీకృష్ణ గారు చప్పట్లు కొట్టారు. "శభాష్ కిరీటీ! ఇంట్లోనే ఆడిటర్ ఉన్నాడు!"

"చూశావామ్మా?" అన్నాడు బాబాయి. కోప్పడలేదు. అది ఇంకా మంట. చిన్నపిల్లకి బుద్ధి చెబుతున్నట్టు తలూపాడు. "ఎవడో ముక్కూమొహం తెలియనివాడి యాప్‌ని నమ్మావు. సొంత బాబాయిని నమ్మలేకపోయావు. పోనీలే, అయిపోయింది. గోపీగారూ, భాను పేరు ఖాయం చేసుకోండి."

"ఆగండి" అన్నాను.

"ఇంకా ఏంటమ్మా?"

"ఓడిపోయాను. ఒప్పుకుంటున్నా. ఆ యాప్ వాడు నా చెవిలో పువ్వు పెట్టాడు, నేను పెట్టించుకున్నా. ఇదిగో, మీ అందరి ముందే ఆపేస్తున్నా."

ఫోన్ చేతిలోకి తీసుకుని యాప్ ఆపేయమని నొక్కాను. టీవీ మీద ఏడుపు మొహం బొమ్మ ఒకటి వచ్చి, 'నిజంగానే వెళ్ళిపోతారా?' అని అడిగింది. అవునని నొక్కాను. 'కారణం చెబుతారా?' అంది. నీకు చెప్పేదేంటి, పో అనుకుని అదీ మూసేశాను.

"కానీ ఒకటి వినండి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇరవయ్యో తారీఖుకే నా చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు. జీతంలో కొంచెం పక్కకి పోయినా నేను బతకగలనని నాకు తెలిసింది ఈ చిల్లర వల్లే. అదొక్కటి నేర్పింది. దానికి ఫీజు కట్టాననుకుంటా. వచ్చే నెలనుంచి జీతం పడ్డ రోజునే ఫండ్ వాళ్ళకి నేనే నేరుగా వేస్తా. మధ్యలో నెలనెలా చెయ్యి చాపేవాడు ఉండడు. పెరిగితే పెరుగుతుంది, తగ్గితే నా ఏడుపు నేనేడుస్తా. చీటీలో మాత్రం చేరను."

"మాటిచ్చి తప్పుతావా?" ఈసారి బాబాయి గొంతు పెరిగింది. "మీ నాన్న నీకు నేర్పింది ఇదేనా?"

"మా నాన్నని ఎందుకు లాగుతారు? మాటలో సగమే మీకు గుర్తున్నట్టుంది. నాది చూపిస్తా, మీదీ చూపించాలి అన్నా. మీరు ఓ అన్నారు. నా గోల్‌గప్పాలతో సహా చూపించా. ఇప్పుడు మీ వంతు. ఈ చీటీలో ఎవరెంత కట్టారు, ఎవరు ఎప్పుడు ఎత్తారు, టీవీలో పెట్టించండి."

సోఫాలో ఇద్దరు ముగ్గురు కదిలారు. ఎవరో దగ్గారు.

"చీటీకి చూపించేదేముంది? ఇది నమ్మకం మీద నడిచే వ్యవహారం" అన్నాడు బాబాయి.

"యాప్ వాడూ నన్ను నమ్మమనే అన్నాడు!"

"భానూ!" ఇంతెత్తున లేచాడు. "తిండి పెట్టి నీడ ఇస్తే నన్ను వాడితో పోలుస్తావా? చీటీ నీ పేరు మీదే ఉంటుంది కదా! నీ పేరు మీదున్న డబ్బు ఎక్కడికి పోతుంది?"

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు బ్యాగు సర్దుకుని పారిపోవాలనిపించింది. తిండి మాట ఎత్తాక ఇక ఆ ఇంట్లో ముద్ద ఎలా దిగుతుంది? అయినా కదల్లేదు. కదిలితే ఆయన గెలిచినట్టే.

అప్పుడు పిన్ని బయటికొచ్చింది. చేతిలో అట్లకాడ, నుదుటి నిండా చెమట. ఆమె సొసైటీ పిల్లలకి లెక్కలు చెబుతుంది. సాయంత్రమైతే ఇదే హాల్లో పన్నెండు మంది పిల్లలుంటారు. అంతమందిని కనుసైగతో కూర్చోబెట్టే మనిషి, బాబాయి ఎదురుగా మాత్రం ఏనాడూ పెదవి విప్పగా నేను చూడలేదు.

"ఇంత రభస ఎందుకండీ?" అంది మెత్తగా. "అది చిన్నపిల్ల. కళ్ళతో చూస్తే నమ్ముతుంది. నా పేరు మీద ఒక చీటీ ఉంది కదా, నా ట్యూషన్ డబ్బులు దానికే కడుతున్నాం కదా. ఇవాళ నేను పాడతా. డబ్బు చేతికొచ్చాక అదే తెలుసుకుంటుంది, చీటీ ఎంత మంచిదో."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా తరఫున మాట్లాడుతుందేమో అనుకున్నాను. మొగుడి పక్షానికే వచ్చింది.

"పదిహేను వేలు వదులుకుంటా" అంది పిన్ని.

మామూలుగా ఎవరైనా ఒకేసారి అంత అంటే హాలు సంబరపడిపోతుంది. ఒకరు ఎంత వదులుకుంటే మిగతావాళ్ళకి అంత లాభం. కానీ ఇవాళ తలలన్నీ ప్లేట్లలోకి వంగాయి. గోపీకృష్ణ గారు నోట్లో ముక్క నములుతూ బాబాయి వైపు చూశారు. బాబాయి ఏసీ వైపు చూశాడు.

"ఇప్పుడు మీకేం అవసరమొచ్చింది వదినగారూ?" అన్నారు గోపీకృష్ణ గారు చివరికి, నవ్వు తెచ్చిపెట్టుకుని.

పిన్ని మొహంలో ఏదో మారింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను.

"ఇన్నేళ్ళలో మీరు ఎన్ని పాటలు పాడారు అన్నయ్యగారూ? ఏం అవసరమని ఎవరైనా అడిగామా?" అంది. "నేను గొంతు పోయేలా లెక్కలు చెప్పి కడుతున్నా. నా అవసరం నాది."

"లక్ష్మీ, లోపలికెళ్ళు. పెనం మీద అట్టు మాడుతోంది" అన్నాడు బాబాయి.

"మాడనివ్వండి."

ఈమె మా పిన్నేనా?

"పాట పిలవండి మరి" అంది ఆమె. "పదిహేను చాలదా? ఇరవై వేలు."

పాటలో తన మీద తనే పెంచుకునే మనిషిని నేనెక్కడా వినలేదు. బాబాయి పిలవాలి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పిలిస్తేనే పాట ఖాయమైనట్టు. ఆయన దవడలు బిగించుకుని కూర్చున్నాడు. ఆమె అట్లకాడ పట్టుకుని నిలబడింది. ఆమెని అలా అందరి ముందూ నిలబెట్టి చోద్యం చూస్తున్న ఆ పెద్దమనుషుల్ని చూస్తే నాకు కడుపు రగిలిపోయింది.

"ఒకటోసారి!" అని నేనే అరిచాను.

"నోర్ముయ్ భానూ!"

"ఇరవై వేలు, లక్ష్మీకుమారి గారు! రెండోసారి!"

"అయ్యో, ఆపమ్మా తల్లీ!" అని గోపీకృష్ణ గారు రెండు చేతులూ ఎత్తేశారు. "ఎత్తేసిన చీటీకి మళ్ళీ పాటేంటి, నీ దుంపతెగ!"

అన్నాక ఆయనకే తెలిసింది ఏమన్నారో. ప్లేటు పక్కన పెట్టేసి తల గోక్కున్నారు.

"ఎత్తేశారా?" అంది పిన్ని. "ఎవరు?"

కిరీటి గోళ్ళు కొరకడం ఆపేశాడు.

"అన్నయ్యగారూ, మిమ్మల్నే. నా చీటీ ఎవరు ఎత్తారు?"

"అంటే... దీపావళప్పుడు... రావుగారు కారుకని..." ఆయన మాటలు వెతుక్కుంటున్నారు. "మీకు తెలిసే అనుకున్నామమ్మా."

పిన్ని బాబాయి వైపు తిరిగింది. "బోనస్ వచ్చిందన్నారు. కారు తాళాలు నా చేతికే ఇచ్చి దేవుడి ముందు పెట్టించారు."

"ఇప్పుడేమైంది?" అన్నాడు బాబాయి. "నీ పేరైతేనేం, నా పేరైతేనేం? కారు ఇంటికే కదా వచ్చింది. నువ్వు ఎక్కట్లేదా?"

దీపావళి నుంచి ఇప్పటిదాకా నెల తప్పకుండా పదివేలు కట్టింది పిన్ని. తన చీటీ పెరుగుతోందనుకుని కట్టింది. ఎప్పుడైనా అవసరం పడితే ఎత్తుకోవచ్చన్న ధీమాతో ఉంది. ఆ రోజు పాటకొచ్చిన మగవాళ్ళందరూ ఇదే హాల్లో, ఆమె పోసిన అట్లే తింటూ, ఆమె చీటీ ఎత్తడం చూశారు. ఆమెకి తప్ప అందరికీ తెలుసు. నా ఫీజు కనీసం బ్యాంకులో వెతికితే దొరికింది. ఆమెకి వెతకాలన్న అనుమానమే రానివ్వలేదు. 'నీ పేరు మీదే ఉంటుంది కదా' అన్నాడు నాతో ఇందాక. రేపు నా పేరుతో ఏం కొనేవాడు?

"నాన్నా, నిజమేనా?" అన్నాడు కిరీటి. తెలుగులో.

పిన్ని ఏడవలేదు. ఏడిస్తే నేనే ఆమెని పట్టుకుని ఏడ్చేసేదాన్ని. అట్లకాడ టీవీ బల్ల మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"భానూ, నీ పేరు రాయనివ్వకు" అంది. "నీ జీతం నీ చేతిలోనే ఉంచుకో. ఏ ఫండ్‌లో వేసుకుంటావో, గోల్‌గప్పాలే తింటావో, నీ ఇష్టం. గదికి ఎప్పుడెళ్ళాలో చెప్పు, సామాను నేను సర్దుతా."

"లక్ష్మీ! పదిమందిలో నా పరువు తీస్తున్నావు!"

"పదిమందిలోనే కదండీ మీరు ఎత్తింది."

ఆ మాటతో సోఫాలో అందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఇంకొకాయన ఎండెక్కిపోతోందంటూ లేచి తలుపు పక్కన చెప్పుల కోసం వెతుక్కున్నాడు. గోపీకృష్ణ గారు మెల్లగా సోఫా అంచుకి జరిగారు.

"ఏవండీ" అంది నాగమల్లేశ్వరి ఆంటీ.

ఆవిడ ఎప్పుడు వంటింటి గుమ్మం దాటిందో ఎవరూ చూడలేదు. ఆవిడ వెనక మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే హాల్లోకి వస్తున్నారు. వంటింట్లోంచి అట్టు మాడిన వాసన గుప్పుమంటోంది. పోయి స్టవ్ ఆపుదామన్న ధ్యాస ఒక్కరికీ లేదు.

"లక్ష్మి చీటీ సంగతి మీకు దీపావళి నుంచీ తెలుసన్నమాట" అంది ఆవిడ మొగుడితో. "మరి నా పేరు మీదున్న చీటీ? అది ఉందా, మీరూ ఎత్తేశారా?"

గోపీకృష్ణ గారు బాబాయి వైపు చూశారు. బాబాయి నేల వైపు చూశాడు.

ఆంటీ ఇక అడగలేదు. తిన్నగా వీధి తలుపు దగ్గరికి నడిచి, చెప్పుల్లో కాలు పెట్టబోతున్న ఆ పెద్దమనిషిని పక్కకి జరగమని, తలుపు మూసి, పైగడియ పెట్టింది. దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఒక్కొక్కళ్ళే చెప్పండి" అంది మొగుడి వైపు చూస్తూ. "మొదట మీరు."